నీలం గుడ్డలో కంత

పెళ్లైన మూడో రోజున మా అత్తయ్య నా చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. బీరువాది కాబోలనుకుని లోలోపల మురిసిపోయాను. కాదు. కత్తెరల పెట్టెది.

"మెడలో వేసుకో. స్నానానికి వెళ్లినా తియ్యకు," అంది.

మాది కుట్టుపని ఇల్లు. కింద దుకాణం, పైన కాపురం. మా ఆయన కొత్త బట్టలు కుడతాడు. అత్తయ్యా, మా ఆయన అక్క అయిన మా వదినా రఫూ పని చేస్తారు. కోటుకో శాలువాకో చిరుగు పడితే, ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, పడుగులో పేక కలుపుతూ అల్లుకుపోతారు. పని అయ్యాక చిరుగు ఎక్కడుండేదో బట్ట తెచ్చినవాళ్లే చెప్పలేరు. అలాంటి ఇంట్లో కత్తెరకు తాళం వెయ్యడమంటే వంటింట్లో పొయ్యికి తాళం వేసినట్టే. కానీ మా పెళ్లికి కొద్దిరోజుల ముందే వదినను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. చచ్చిపోవాలనుకుంది, బతికింది. అంతకు మించి ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నాకు తెలియక రాలేదు. మా ఆయన పెళ్లికి ముందే పార్కు బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాడు. "మా ఇంట్లో కొన్నాళ్లు నవ్వులు తక్కువ. ఆలోచించుకో."

"నా నవ్వులు నేను తెచ్చుకుంటాలెండి," అన్నాను. డిగ్రీలో సైకాలజీ ఒక పేపరు చదివిన ధైర్యం. ఆయన నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందన్న ధైర్యం ఇంకా పెద్దది.

వదినను ఒంటరిగా వదలకూడదన్నది ఆ ఇంటి మొదటి నియమం. ఆయన కింద మిషన్ దగ్గరుంటే నేను పైన. నేను కిందికి దిగితే అత్తయ్య పైకి. కొత్త దంపతులం కలుసుకునేది మెట్ల మీదే, డ్యూటీ మారే నర్సుల్లా. ఒక గ్లాసు టీ ఆ మెట్ల మీద చెరిసగం తాగేవాళ్లం. ఆయన మెడలోని టేపు తీసి నా జడ కొలిచి, "నిన్నటికన్నా పెరిగింది," అనేవాడు. పచ్చి అబద్ధం. అయినా సాయంత్రం దాకా గుర్తొచ్చి నవ్వుకునేదాన్ని. నవ్వు బయటికి రాకుండా నవ్వుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. పసిపాప నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు ఆ ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు. వదిన మాత్రం నిద్రపోయేది కాదు. గోడవైపు తిరిగి పడుకుని అన్నీ వింటూ ఉండేది.

వానలు మొదలైన వారంలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మందులు ఎలాగూ వాడుతున్నారు, దానితోపాటు ఆరోగ్యకేంద్రంలో శనివారాలు పెద్దవాళ్లకు ఒక క్లాసు నడుస్తోంది, అక్కడ మనసు ఒకచోట నిలిపి బొమ్మలు వేయిస్తారు, పంపండి అని.

"బొమ్మలా?" అంది అత్తయ్య. "తల నెరుస్తున్న మనిషికి బొమ్మలేంటి? పలకా బలపం కూడా కొనిమ్మంటుందా?"

"డాక్టరమ్మ చెప్పింది కదమ్మా," అన్నాడు మా ఆయన.

"ఆవిడకేం, చెప్తుంది. వీధిలో వాళ్లు అడిగితే నేనేం చెప్పాలిరా?"

"కామెర్లకు బొమ్మల వైద్యం అని చెప్పు," అంది వదిన, గోడవైపు నుంచే.

మేం ముగ్గురం బిగుసుకుపోయాం. వదినకు కామెర్లు వచ్చి చిక్కిపోయిందని దుకాణానికి వచ్చేవాళ్లందరికీ చెబుతున్నాం. ఆ మాట పైదాకా వినిపిస్తుందని మాకెవరికీ తట్టలేదు.

"వెళ్తావా అక్కా?" అన్నాడాయన మెల్లగా.

"వెళ్తాను. ఈ గోడ మీద చూడ్డానికి ఇంకేం మిగల్లేదు."

ఆసుపత్రి నుంచి వచ్చాక వదిన తనంతట తాను కావాలన్నది అదొక్కటే. అత్తయ్య కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "నువ్వూ వెళ్లు. నీడలా ఉండు."

క్లాసు జరిగే గది ఆరోగ్యకేంద్రం వెనక ఉండేది. పైన రేకులు. వాన పడితే టీచరు మాట సగం వినపడేది, సగం ఊహించుకోవాలి. పొడవాటి బల్లలు, పాత జాం సీసాల్లో కుంచెలు, కిటికీ దగ్గర చేతులు కడుక్కునే తొట్టి. టీచరు పొట్టిగా, మోచేతుల దాకా రంగు మరకలతో ఉంటుంది. అత్తయ్య ఆమెను చూడకుండానే 'రంగులావిడ' అని పేరు పెట్టేసింది, మాకూ అదే అలవాటైపోయింది. తోడుగా వచ్చినవాళ్లు ఊరికే కూర్చోవడానికి వీల్లేదని, నాకూ ఒక కాగితం ఇచ్చింది.

"ఇక్కడ రెండే పద్ధతులు," అంది. "పక్కవాళ్ల బొమ్మ చూసి బాగుందనీ బాలేదనీ అనకూడదు. ఇదేమిటని అడగకూడదు. ఎవరైనా తమంతట తాము చెప్తే, చివర అందరం 'విన్నాం' అందాం. సలహాలు వద్దు."

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ పద్ధతులు నన్ను చూసే పెట్టారేమోననిపించింది.

కళ్లు మూసుకోమంది. అరచేయి కాగితం మీద ఆనించి, దాని చల్లదనం తెలుసుకోమంది. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు ఏ రంగుగా ఉంది, వచ్చేటప్పుడు ఏ రంగుగా ఉంది, తొందరేం లేదు, చూడమంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఒక కన్ను తెరిచి చూస్తే ఎదురుగా ఇంకో కన్ను తెరుచుకుని ఉంది. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. భార్య పోయాక నిద్ర పట్టక వస్తున్నాడట.

"నా ఊపిరి డీజిల్ రంగులో ఉందమ్మాయ్," అన్నాడు గుసగుసగా. "నీదో?"

"నాది గులాబీ అండీ. కొత్తగా పెళ్లైంది."

"పర్లేదు, అదీ ముదురుతుంది," అన్నాడు. నేను కుంచె కింద పడేశాను.

వదిన ఆ రోజంతా రంగు ముట్టలేదు. కుంచెను మంచినీళ్లలో ముంచి, తెల్లకాగితం మీద పై నుంచి కిందికి రాస్తూ కూర్చుంది. తడి ఆరగానే మళ్లీ మొదటి నుంచి. ఏమిటిది, రంగు వేసుకోవచ్చు కదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. రంగులావిడ ఆమె వెనక నిలబడి చూసి, నీళ్లు మార్చిన సీసా పక్కన పెట్టి వెళ్లిపోయింది. చివర్లో వదిన కాగితం గుండ్రంగా చుట్టి తెచ్చుకుంది. దాని మీద ఏమీ లేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని, వాన తగలకుండా కొంగు కప్పుకుని కూర్చుంది.

"ఏం వేసిందే?" అని అత్తయ్య మెట్ల మీదే నన్ను పట్టుకుంది.

"వానండీ," అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

వానాకాలం సాగింది. శనివారాలు గడిచేకొద్దీ వదిన కాగితం మీదికి బూడిదరంగు వచ్చింది, తర్వాత బురదరంగు, తర్వాత నీలం. అన్నం రెండోసారి పెట్టించుకున్న రోజు అత్తయ్య వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దే వంకతో ఏడ్చింది. అలాగని అన్నీ మంచిరోజులే కావు. ఒక మధ్యాహ్నం వదిన గది తలుపు లోపల గడియ పడి ఉంది. మా ఆయన భుజంతో తలుపు విరగ్గొట్టాడు. వదిన కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తోంది. విరిగిన గడియనూ, తమ్ముడి భుజాన్నీ మార్చి మార్చి చూసి, "కొట్టి ఉంటే తీసేదాన్ని కదరా," అంది. ఆయన భుజానికి తడిగుడ్డ వేశాను. ఆ రోజు ఇద్దరం కలిసి సినిమాకు వెళ్లాలనుకున్నాం. తర్వాత మళ్లీ ఆ ఊసు ఎవరం ఎత్తలేదు.

ఆ ఇంటి పనితీరు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో సగం పని ఎవరి సొంతమూ కాదు. వదిన కోటు మోచేతికి సగం అల్లి లేస్తే, అటుగా వెళ్లే అత్తయ్య కూర్చుని మిగతాది అల్లేస్తుంది. అత్తయ్య వదిలిన అంచు మా ఆయన కుట్టేస్తాడు. అడగడాలు, చెప్పడాలు ఉండవు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకది చూడముచ్చటగా ఉండేది. నేను సగం తరిగిన కూరముక్కలు స్నానం చేసి వచ్చేసరికి తరిగి ఉండేవి. ఎవరు తరిగారంటే ఎవరూ చెప్పరు. ఇంతకన్నా ప్రేమ ఇంకెలా ఉంటుంది అనుకునేదాన్ని.

ఒక శనివారం రంగులావిడ కాగితాల బదులు చేతిగుడ్డంత నూలుగుడ్డలు ఇచ్చింది. వదిన నీలంలో నీలం కలుపుకుంటూ గుడ్డంతా నింపింది. ఒక మూల వానమబ్బు, ఒక మూల చీకటి, మధ్యలో ఎక్కడో తెల్లవారుజాము. ఆరాక, కుంచె వెనక మొన పెట్టి గుడ్డ నడుమ ఒక పోగు లేపింది. లాగింది. ఇంకో పోగు. పడుగు ఒకటి, పేక ఒకటి. చేతికి వచ్చిన పని తలకిందులుగా చేస్తోంది. నా ఊపిరి ఏ రంగులో ఉందో ఆ రోజు నేను చూసుకోలేదు, ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. వణుకు లేదు. క్లాసు అయ్యేసరికి గుడ్డ మధ్యలో అరచేయి పట్టేంత కంత. చుట్టూ పోగులు వేలాడుతున్నాయి.

అందరం గుండ్రంగా కూర్చున్నాక, ఎవరైనా చెప్తారా అని రంగులావిడ అడిగింది. కండక్టరు గారు తన బొమ్మలో బస్సు ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందని చెప్పాడు. విన్నాం అన్నాం. ఆ తర్వాత వదిన గొంతు సవరించుకుంది. అన్ని శనివారాల్లో మొదటిసారి.

గుడ్డను మొహానికి ఎదురుగా పట్టుకుని, "ఇందులోంచి గాలి వస్తోంది," అంది.

"విన్నాం," అన్నాం అందరం. నేను కాస్త గట్టిగానే అన్నాను.

ఇంటికి రాగానే వదిన ఆ గుడ్డను తన కిటికీకి కట్టుకుంది. వానగాలి కంతలోంచి వచ్చి ఆమె చెంప మీద తగులుతుంటే కళ్లు మూసుకుని కూర్చుంది. నేను గడప దగ్గర నిలబడి చూసి, పరుగున మెట్లు దిగి మా ఆయన చెవిలో చెప్పాను. ఆయన మిషన్ ఆపి, సొట్ట పడేలా నవ్వాడు. ఆ పూట మేమిద్దరం టీ రెండు గ్లాసులు తాగాం, పండగలా.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం. వదినకు మందు మత్తుకు కాస్త కునుకు పట్టింది. నేను దుకాణంలో ఒక ప్యాంటు కొలతలు రాసుకుంటున్నాను. అదే అదనుగా కిందికి దిగిన అత్తయ్య కిటికీ వెలుతురులో కూర్చుని కళ్లద్దాలు ముక్కు చివరికి దించి అల్లుతోంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నేను వచ్చాక ఆమె నోట పాట వినడం అదే మొదలు. ఎవరిదో శాలువా అనుకున్నాను. బేరం వెళ్లిపోయాక ఆమె నన్ను పిలిచింది.

"ఇలా రా. ఎక్కడుందో చెప్పు చూద్దాం."

ఒళ్లో నీలం గుడ్డ. వానమబ్బు నుంచి చీకటి దాకా ఎక్కడా అతుకు లేదు. ప్రతి పోగూ పక్క పోగు రంగులోనే ఉంది. గుడ్డ అంచుల్లోంచి లాగి, ఏ నీలం పక్కన ఏ నీలమో చూసి చూసి అల్లింది. ఇన్నేళ్ల పనితనం అంతా అందులో పోసింది.

"కనిపించట్లేదు కదూ?" అంది, చిన్నపిల్లలా మెరిసే కళ్లతో. "పాపం, కంత పడితే అలాగే కట్టుకుంది పిచ్చిది. లేచి చూసుకుంటే సంతోషిస్తుంది. నా చేతనైంది ఇదొక్కటే కదా అమ్మాయ్."

"అత్తయ్యా, అది..." అన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు.

వదిన వచ్చి తల్లి పక్కన నిలబడింది. గుడ్డ అందుకుంది. రఫూ పనిచేసే వేళ్లు కదా, కళ్లకు దొరకనిది వాటికి దొరికింది. గుడ్డ నడుమ ఒకచోట చూపుడువేలు ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"బాగా అల్లావమ్మా," అంది.

గుడ్డ మడిచి తల్లి ఒళ్లో పెట్టింది. చెప్పులు వేసుకుంది. వాకిట్లోకి వెళ్లింది.

"గొడుగు తీసుకోవే!" అని అత్తయ్య అరిచేసరికి వీధి మలుపు దాటిపోయింది.

నేను గొడుగు తీసుకుని పరుగెత్తాను. మలుపు దగ్గర జోరువాన, రెండు దారులు, మనిషి లేదు. వెనక్కి వచ్చేసరికి మా ఆయన స్కూటరు తీస్తున్నాడు. ఆయన బండి తిప్పింది ఏటి వంతెన వైపు. అత్తయ్య ఇంకా కుర్చీలోనే ఉంది. "ఏం చేశానే? ఏం చేశాను నేను?" అంటూ గుడ్డను గట్టిగా పట్టుకుంది.

నాకు తోచిన చోటు ఒక్కటే. బస్సెక్కాను. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు దిగుతారు, గొడుగు విప్పుకుంటూ మెట్టు మీదే నిలబడిపోతారు. కొట్టాలనిపించింది వాళ్లను. దేవుడా, నేను ఆమెకు నీడనన్నారు, నీడను ఇంట్లో వదిలేసి వెళ్లిపోయింది చూడు అనుకున్నాను. ఆరోగ్యకేంద్రం దగ్గర దిగి, వెనక వైపుకు బురదలో పరుగెత్తాను.

గదికి తాళం వేసి ఉంది. ఆ తలుపు ముందు అరుగు మీద, రేకుల కింద, వదిన కూర్చుని ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

వెళ్లి పక్కన కూలబడ్డాను.

"భయపడ్డావా?" అంది.

"భయపడ్డాను."

"నేనూ." చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "ఇంటికి తెచ్చిన రోజు నుంచి అందరూ కత్తెరలు దాస్తున్నారు. మందులు దాస్తున్నారు. గడియలు విరగ్గొడుతున్నారు. ఒక్కళ్లూ నన్ను అడగలేదు. నాలో ఏదో పెద్ద కంత పడింది, మీరంతా దాని చుట్టూ కాళ్లు తడబడకుండా నడుస్తున్నారు. అమ్మ దాన్నీ కనిపించకుండా చేసేసింది. అంత బాగా చేసింది, నాకే అనుమానం వచ్చింది, అసలు ఉండేదా అని."

నా సైకాలజీ పేపరులో ఇలాంటి చోట ఏం చెయ్యాలని రాశానో ఒక్క ముక్క గుర్తు రాలేదు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి.

"ఇప్పుడు అడగనా వదినా?"

"అడుగు."

"ఇంకా చచ్చిపోవాలని ఉందా మీకు?"

వాన రేకుల మీద దబదబా పడుతోంది. ఆ మాటను గట్టిగా అనాల్సి వచ్చింది. అన్నాక, ఆకాశమేమీ విరిగి పడలేదు.

"ఇవాళ లేదు," అంది ఆలోచించి. "బయటికి వచ్చినప్పుడు కూడా అందుకు రాలేదు. ఇల్లంతా మూసుకుపోయినట్టుంటే, గాలి కోసం వచ్చాను. ఆమధ్య ఒకరోజు ఉంది. గడియ పెట్టుకున్న రోజు కాదు, దానికి ముందురోజు. నువ్వు పైన నా మంచం పక్కన కూర్చుని, తమ్ముడి సొట్ట గురించి చెప్తున్నావు. చెప్తూనే ఉన్నావు. అది అయ్యేదాకా ఆగుదాం అనుకున్నాను. ఎంతకీ అవ్వలేదు. తర్వాత అన్నం తినమన్నావు. తర్వాత నిద్రొచ్చింది." తడి కొంగుతో మొహం తుడుచుకుంది. "మళ్లీ రావచ్చు అది. రాదని చెప్పలేను. వస్తే ఎవరికి చెప్పాలో తెలియక భయం."

నాకు చెప్పండి, నేనున్నాను, అన్నీ సర్దుకుంటాయి, డాక్టరమ్మతో మాట్లాడదాం అని నోటి నిండా వచ్చాయి మాటలు. అన్నీ పళ్ల వెనక ఆపాను.

"విన్నాం," అన్నాను.

వదిన తల తిప్పి నన్ను చూసింది. "ఉన్నది ఒక్కదానివి. విన్నాం ఏంటే?"

అని నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలు కదిలేలా. నేను ఏడ్చాను. వాన తగ్గేదాకా ఇద్దరం ఆ పనిలోనే ఉన్నాం. ఆ తర్వాత ఎదురుగా టీ కొట్టు నుంచి మా ఆయనకు ఫోను చేశాను. అవతల స్కూటరు హారన్ ఒకసారి మోగింది, హ్యాండిల్ మీద తల వాల్చాడేమో.

డాక్టరమ్మను కలిసి, వదిన నాతో అన్నదంతా ఆవిడతోనూ చెప్పాక, ఇంటికి వచ్చేసరికి దీపాల వేళైంది. అత్తయ్య అదే కుర్చీలో ఉంది. కూతుర్ని చూసి లేవబోయింది.

వదిన తడిబట్టలతోనే ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. "అమ్మా, అది విప్పు."

"ఏది?"

"నువ్వు అల్లింది. విప్పేయ్."

"పాడైపోతుందే."

"అది నేను చేసుకున్నది. నాది."

అత్తయ్య గుడ్డ వైపు చూసింది. జన్మలో తను అల్లినది తాను విప్పిన మనిషి కాదు. కళ్లద్దాలు పెట్టుకుని గుడ్డను దీపం కిందికి తెచ్చింది. తిప్పింది. మళ్లీ తిప్పింది. వేళ్లతో తడిమింది.

"కనిపించట్లేదే," అంది. "ఎక్కడుందో నాకే కనిపించట్లేదు."

వదిన తల్లి వేలు పట్టుకుని తీసుకెళ్లి ఒకచోట ఆనించింది. "ఇదిగో. ఇక్కణ్ణుంచి."

ముడి గట్టిగా పడింది. గోటికి లొంగలేదు. వదిన, తల్లి వైపు చూడకుండా, నావైపు చెయ్యి చాపింది. "చిన్న కత్తెర."

అత్తయ్య చూపు నా మెడ మీదికి వచ్చింది. మా ఆయన గుమ్మంలో నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు. నేను పెట్టె తెరిచి, చిన్న కత్తెర తీసి, పిడి అటువైపు పెట్టి వదినకు ఇచ్చాను. ఆమె ముడి తెంపింది. కత్తెరను బల్ల మీద పెట్టింది. అత్తయ్య మొదటి పోగు లాగింది.

నాలుగైదు పోగులు వచ్చాయి. తర్వాత అత్తయ్య, తల ఎత్తకుండా అడిగింది:

"ఎప్పట్నుంచే?"

"చాన్నాళ్లైందమ్మా."

"ఎలా ఉంటుంది, అది వచ్చినప్పుడు?"

మా ఆయన నా మోచేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పోగులన్నీ విడిపోయేసరికి పక్క దుకాణాల వాళ్లు తలుపులు వేసుకుంటున్నారు. తర్వాతి శనివారం క్లాసుకు మేం ముగ్గురం వెళ్లాం. కళ్లు మూసుకోమంటే అత్తయ్య మూసుకోలేదు. "నాకెందుకమ్మా, నేను బాగానే ఉన్నాను," అంది రంగులావిడతో. కండక్టరు గారు పక్కకు జరిగి, "రండి రండి, ముందు సీట్లు ఖాళీ," అన్నాడు. అత్తయ్య కాగితం మీద ఒక గీత గీసి, దాన్ని పూర్తి చెయ్యకుండా వదలడానికి ఎంత అవస్థ పడిందో! చేతులు ఒళ్లో పెట్టి వేళ్లు వేళ్లతో బిగించుకుని కూర్చుంది, పాపం.

వానలు వెనకబట్టాయి. గోడలకు చెమ్మ ఆరింది. ఒక సాయంత్రం వదిన కిందికి వచ్చి, "ఇద్దరూ పోండి. ఎక్కడికైనా," అంది.

"ఎక్కడికక్కా?"

"నాకేం తెలుసురా? పెళ్లి చేసుకుంది నువ్వు. మెట్ల మీద ఆ టీ తాగడాలు చూళ్లేక చస్తున్నాను." అని, మా మొహాలు చూసి, "ఊరికే అన్న మాట. నిజంగా అనిపిస్తే చెప్తానని డాక్టరమ్మ ముందు చెప్పాను కదా. పోండి," అంది.

పెళ్లైనప్పటి నుంచి మేమిద్దరం కలిసి వీధి చివరి దాకా వెళ్లింది లేదు. ఆయన పక్కన నడుస్తుంటే ఏ చెయ్యి ఎటు ఊపాలో కూడా మర్చిపోయాను. వీధి దీపాలు వెలుగుతున్నాయి, గుంటల్లో నీళ్లు మెరుస్తున్నాయి, ఆయన కొత్త చొక్కా ఇస్త్రీ వాసన వేస్తోంది. ఐస్‌క్రీం కొనుక్కున్నాం. సగం తినేసరికి ఇద్దరికీ రుచి తెలియడం మానేసింది.

"వెళ్దామా?" అన్నాడు.

"మీరంటారేమోనని చూస్తున్నాను," అన్నాను.

వేగంగా నడిచాం. మలుపు తిరిగామో లేదో, మా ఇంట్లోంచి కేక వినిపించింది. అత్తయ్య గొంతు. ఆ వెంటనే ఇంకోటి. ఆయన చేతిలోది కింద పడేసి పరుగెత్తాడు. నేను వెనకే. గుమ్మం దాకా వచ్చి ఇద్దరం ఒకేసారి ఆగిపోయాం.

"...కళ్లు కనిపించకపోతే ఒప్పుకోవాలమ్మా! ఆ కోటు బూడిదరంగేంటి, నువ్వు పెట్టిన దారమేంటి? ఆ దారం పావురం రంగు!"

"నాకు రంగులు చెప్తావే? నీకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఎవరే?"

"నేర్పావులే, నెత్తి మీద మొట్టి మొట్టి!"

"మొట్టబట్టే వచ్చింది! ఇంకా రెండు మొట్టాల్సింది!"

మా ఆయన మెట్టెక్కబోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. "ఎక్కడికండీ?"

"కొట్టుకునేలా ఉన్నారు."

"కొట్టుకోనివ్వండి." మెట్టు మీద ఆయన్ని కూర్చోబెట్టి, పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను. ఎదురింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. చూడనీ. లోపల ఏదో డబ్బా కింద పడి దొర్లింది, అత్తయ్య అమ్మో బొత్తాలు అని అరిచింది, వదిన అంతకన్నా గట్టిగా అరిచింది:

"ముట్టుకోకు దాన్ని! అలాగే ఉండనీ! రేపు పొద్దున వెలుతురులో పెట్టి చూపిస్తాను. అప్పుడు మాట్లాడు!"

మా ఆయన నావైపు తిరిగాడు. సొట్ట పడీ పడనట్టుంది.

"రేపు పొద్దున అంట," అన్నాడు.

"విన్నాను," అన్నాను.